గుర్రాల కాపలా

వదిన పాచికలన్నీ ఏరి డబ్బాలో వేసింది. “ఈ వారం ఆటలో మీ అన్నయ్య ఆడే దొంగకి ఒక లెవెల్ పెరిగింది. మీ ఆవిడ మంత్రగత్తెకీ పెరిగింది. మరిదిగారూ, మీ వీరుడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు.”

బ్రేక్ ఇన్‌స్పెక్టరైన మరిదికి ఒళ్ళు మండిపోయింది. డ్రైవింగ్ లైసెన్సు కోసం వచ్చేవాళ్ళ పక్కన కూర్చుని పగలంతా ప్రాణాలు అరచేత పెట్టుకుని తిరిగే మనిషి అతను. వారానికొక్క సాయంత్రం ఈ భోజనాల బల్ల దగ్గరైనా కత్తి పట్టిన వీరుడిగా వెలిగిపోదామనుకుంటే, వదిన నడిపే కథలో అతని వేషానికి ఎదుగూ బొదుగూ లేదు.

“ఆ రాక్షసుణ్ణి చంపిందెవరు వదినా? నేను కాదూ?”

“చంపితే లెవెల్ పెరగదని ఎన్నిసార్లు చెప్పాలండీ? ఎవరు ఏ ఒట్టు పెట్టుకున్నారో, దాని కోసం ఏదో ఒకటి వదులుకుంటేనే పెరుగుతుంది. స్నేహితుణ్ణి విడిచిపెట్టనన్న మీ అన్నయ్య దొంగ, బంగారం మూట పారేసి వాణ్ణి భుజాన మోసుకొచ్చాడు. మీ వీరుడు అబద్ధమాడనని ఒట్టేశాడు.”

“ఆడలేదు కదా మరి.”

“ఆడాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది గనక?”

“సరే, వచ్చేవారం డ్రాగన్ మీదికి వెళ్తున్నాం. నా సంగతేంటి?”

“ఈ లెవెల్‌తో గుహలోకి అడుగుపెడితే బూడిదైపోతారు. మీరు బయట గుర్రాలకు కాపలా ఉండండి.”

అన్నయ్య కిసుక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ ఆ నవ్వు విననట్టు చెప్పులు వేసుకున్నాడు.

దారిలో భార్య అందుకుంది. “ఆవిణ్ణి డ్రైవింగ్ పరీక్షకు వచ్చినప్పుడల్లా ఫెయిల్ చేస్తే, ఆటలో మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటుందా?”

“వచ్చినప్పుడల్లా రివర్స్‌లో హద్దుకు పెట్టిన కోన్‌ని పడగొడితే నేనేం చెయ్యను?”

“కోనే కదండీ, మనిషి కాదు కదా.”

“తప్పు తప్పే.”

“అయితే గుర్రాలు కాసుకోండి.”

ఆ మాట అతణ్ణి వారమంతా వదల్లేదు.

సరిగ్గా ఆట రోజు పొద్దున వదిన మళ్ళీ పరీక్షకు వచ్చింది. ఈసారి ఆమె బండి నడుపుతుంటే అతను తన కళ్ళను తానే నమ్మలేకపోయాడు. అద్దాలు చూసుకుంది, ఇండికేటర్ వేసింది, గేర్లు మారుతున్నట్టు కూడా తెలియలేదు. ఎత్తు మీద ఆపిన కారు వెంట్రుకవాసి వెనక్కి జారలేదు. బతికించావు వదినా అనుకున్నాడు. చివరగా రివర్స్. కోన్ల మధ్యకు తిన్నగా వెళ్ళిన కారు, ఆఖర్న ఉన్నట్టుండి పక్కకు ఒరిగింది. టప్పుమని కోన్ పడింది.

“పడిందా మరిదిగారూ?” అంది వదిన. అద్దంలోకి చూడలేదు, అతని మొహంలోకే చూసింది.

ఇన్‌స్పెక్టర్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఇన్నాళ్ళ ఉద్యోగంలో ఒక్కరికీ లేనిది ఉన్నట్టు రాయలేదు. కానీ మిగతావాళ్ళంతా డ్రాగన్‌తో పోరాడుతుంటే, తను బయట గుర్రాలకు గడ్డి వేస్తూ కూర్చోవడం కళ్ళకు కట్టింది.

“అబ్బే, ఎక్కడండీ? గాలికి ఒరిగిందంతే. మీరు పాస్,” అన్నాడు.

“నిజంగానా?”

“నిజంగానే.”

వదిన పాస్ కాగితం తీసుకుంది. కారు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం అందరికంటే ముందే వచ్చి బల్ల దగ్గర తిష్ఠ వేశాడు ఇన్‌స్పెక్టర్. అన్నయ్యని భుజం తట్టి మరీ పలకరించాడు. వదిన గుహ పటం పరిచి, అందరి వీరుల బొమ్మలూ వరసగా నిలబెట్టింది. అతని బొమ్మను మాత్రం తీసి పటం అంచున పెట్టింది.

“మరిదిగారూ, మీ వీరుడు మొదటి లెవెల్ నుంచి సున్నాకి దిగిపోయాడు.”

“దిగిపోవడమేంటి వదినా? పొద్దున మిమ్మల్ని పాస్ చేశాను కదా,” అని నోరు జారాడు.

అన్నయ్య తల తిప్పి చూశాడు. భార్య తల దించుకుంది. వదిన పాస్ కాగితం తీసి అతని ముందు పెట్టింది. “ఇది మీ దగ్గరే ఉంచండి. నేను మళ్ళీ పరీక్షకు వస్తాను.”

“ఒక్క కోన్ కోసం ఇంత రాద్ధాంతమా?”

“మీ వీరుడు ఒట్టు మీద నిలబడితే డ్రాగన్ మీదికి పంపుదామనే, దాన్ని కావాలని పడగొట్టాను.”