తీగ మెలిక

“ఈ తీగ తిరగేసి కట్టారు బాబూ.”

మెకానిక్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

ఎవరో పెద్దాయన. చిన్న విమానం ముక్కు దగ్గర వంగి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ప్రొపెల్లర్ వెనక సందులోకి చూస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

“ఎవరండీ మీరు? ఇక్కడిదాకా ఎలా వచ్చారు?”

“ఆసుపత్రి బండి వెనకాలే వచ్చాను. అది కాదు గానీ ఇటు చూడు. బోల్టు వదులైతే ఈ తీగ దాన్ని బిగుతు వైపు లాగాలి కదా? ఇది విప్పే వైపు లాగుతోంది.”

మెకానిక్‌కు ఒళ్ళు మండింది. తెల్లారకముందే వచ్చి కొత్త ప్రొపెల్లర్ బిగించింది తను. పదిహేనేళ్ళ చెయ్యి తనది. దగ్గరుండి చూసి రెండో సంతకం పెట్టాల్సిన సూపర్‌వైజర్ కూడా, “నువ్వు కట్టాక చూసేదేముందిలే!” అని కుర్చీలోంచి లేవకుండానే గీకేశాడు.

“మీరు విమానాల్లో పనిచేశారా?”

“లేదు. ఓడ ఇంజన్లలో.”

“ఓడ వేరు, విమానం వేరు పెద్దాయనా.”

“వేరే మరి. ఇంజన్ ఆగినా ఓడ తేలుతుంది.”

ఆ మాట మెకానిక్‌కు చురుక్కుమంది. ఎందుకంటే నర్సుగా పనిచేసే అతని భార్య అప్పటికే లోపల కూర్చుని ఉంది, ఒళ్ళో ఐసు పెట్టెతో. అందులో ఉన్నది మనిషి గుండె. నాలుగు గంటల్లో అవతలి ఊరి ఆసుపత్రికి చేరి, ఎవరి ఛాతీలోనో కొట్టుకోవాలి. లేదా, అంతే సంగతులు. ఇప్పటికే అరగంట ఆలస్యం.

“పావుగంట ఆపు బాబూ. విప్పి మళ్ళీ కట్టు.”

“పావుగంటా! ఆ పెట్టెలో ఏముందో తెలుసా మీకు?”

పెద్దాయన కిటికీలోంచి ఆ పెట్టె వైపు చూశాడు.

“తెలుసు.”

“తెలిసే అడ్డుపడుతున్నారా? మీ ఇంట్లోవాళ్ళ ప్రాణమైతే ఇలాగే ఆపుతారా?”

గార్డు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

విమానం లేచింది.

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. మనసులో పురుగు తొలవడం మొదలుపెట్టింది. పాత విమానాల్లో బోల్టులు ముందు నుంచి బిగిస్తారు. దీనికి వెనక నుంచి. తనేమో అలవాటు కొద్దీ ముందే నిలబడి, రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి, తడుముకుంటూ తీగ మెలేశాడు. ముందు నుంచి చూస్తే కుడి...

వెనక నుంచి ఎడమ!

పై ప్రాణాలు పైనే పోయాయి.

రేడియో గదికి ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. “వెనక్కి పిలవండి! వెంటనే పిలవండి!”

పైలట్ గొంతు గరగరమంటూ వినబడింది. “ఇప్పుడే ఏదో వణుకు మొదలైంది. తిరుగుతున్నాను.”

ఆ ఆరు నిమిషాలూ అతను గోడకు చేరగిలబడి నిలబడ్డాడు. పగవాడికి కూడా అలాంటి ఆరు నిమిషాలు వద్దు.

చక్రాలు నేలకు తగిలాయి. ప్రొపెల్లర్ ఆగగానే వెళ్ళి చూశాడు. రెండు బోల్టులు వేళ్ళతో తిప్పితే తిరిగాయి.

“నాదే తప్పు,” అన్నాడు భార్యతో.

“తర్వాత తిడతాను. పక్కకి జరుగు,” అంటూ ఆమె పెట్టె పట్టుకుని, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న ఇంకో విమానం వైపు పరిగెత్తింది.

రెండు గంటల తర్వాత భార్య ఫోన్ చేసింది. “చేరాం. టైముకే ఇచ్చేశాం. నువ్వు ఏమైనా తిన్నావా?”

అతను అక్కడే కూలబడి భోరున ఏడ్చాడు. తర్వాత ముఖం కడుక్కుని గేటు దగ్గరికి నడిచాడు. ఆ పెద్దాయన కాళ్ళ మీద పడాలి. లేకపోతే ఏ ముఖం పెట్టుకుని ఆయన్ని చూస్తాడు?

గేటు పక్కన బల్ల ఖాళీగా ఉంది.

“పొద్దున నువ్వు తీసుకొచ్చిన పెద్దాయన ఏడీ?”

“ఇప్పటిదాకా ఇక్కడే కూర్చున్నారండీ. మంచినీళ్ళిచ్చినా ముట్టలేదు. పెట్టె చేరిందని చెప్పాకే లేచారు.”

“ఎక్కడికి వెళ్ళారు?”

గార్డు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఆసుపత్రికేనండీ... ఆ గుండె ఇచ్చిన కుర్రాడు ఆయన కొడుకేనట, శవాన్ని ఇంటికి తీసుకెళ్ళాలట.”