చుక్క కారకూడదు

"ఇదిగో, చూశావా కుట్టు," అంటూ కాసిమీరో టోపీని తిరగేసి తమ్ముడి ముఖం ముందు పెట్టాడు. "చేత్తోనైతే గుండ్రంగా అల్లుకుపోతాం. మిషన్ గుడ్డలా పరిచి అల్లుతుంది. దాన్ని మడిచి వెనక కుట్టుకోవాలి. నీళ్ళు కారేది ఇక్కణ్ణుంచే. నీళ్ళు పోసి చూడడం కూడా దండగ."

తమ్ముడు ప్రుదెన్సియో చేతులు పొంచో దుప్పటి కింద దాచుకుని గోడకి చేరగిలబడ్డాడు. టోపీ తెచ్చిన ఎలియాస్ ఎదురుగా తలవంచుకుని నిలబడ్డాడు. వాకిట్లో ప్రుదెన్సియో కూతురు ఇనెస్ చేతిలో కదురు ఎప్పుడో ఆగిపోయింది.

సరస్సు మధ్యనున్న ఈ టకీలె దీవిలో అల్లేది మగవాళ్ళే. పిల్లనడగడానికి వచ్చినవాడు తానల్లిన టోపీ తేవాలి. పిల్ల తండ్రి అందులో నీళ్ళు పోస్తాడు. చుక్క కారిందా, వచ్చిన దారినే పోవాలి. చేత్తో అల్లడంలో ఎలియాస్ ఎవరికీ తీసిపోడు. కానీ అవతలి ఒడ్డున పూనో పట్నంలో ఆ అల్లిక మిషన్‌ని చూసినప్పటినుంచీ కొనాలని ఒకటే పట్టు. దానితో వేళ్ళు నొయ్యవు మావా అని ప్రుదెన్సియోకి పదేపదే చెప్పేవాడు. ఊరిపెద్ద కాసిమీరో మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మిషన్ కొనేవాడికి మన పిల్లేమిటన్నాడు.

అప్పుడే ప్రుదెన్సియో మెలిక పెట్టాడు. "మిషన్ మీదే ఒక టోపీ అల్లి తే. నీళ్ళు నిలిస్తే మిషనూ కొనుక్కో, పిల్లనీ చేసుకో. కారితే రెండూ లేవు. ఉన్ని నేనిస్తా. బొమ్మలేం వెయ్యాలో నేను చెప్తా. దుంపలు తవ్వాక తీసుకురా."

"వారంలో తెస్తాను మావా."

"దుంపలు తవ్వాక అన్నానా?"

అంత గడువెందుకో ఎవరికీ అంతుపట్టలేదు. "కుదరదని చెప్పడానికి ఇంత నాటకమెందుకు నాన్నా?" అని ఇనెస్ ఏడ్చింది. ఆయన పట్టించుకోలేదు. వానలన్నాళ్ళూ ఒకే టోపీ పట్టుకుని వంటింటి మూల కూర్చున్నాడు. ఒకప్పుడు ఆయన అల్లుతుంటే సూదులు కంటికి ఆనేవి కావు. ఇప్పుడు వేళ్ళ కణుపులు వాచి, వరస వరసకీ పళ్ళు బిగబట్టాల్సి వస్తోంది. సాయం చేస్తానని వచ్చిన ఎలియాస్‌ని కసిరి పంపేశాడు.

"సరే, కానిద్దాం," అంటూ ప్రుదెన్సియో ఇప్పుడు గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చాడు. "ముందు జిడ్డు కడగాలి. కొత్త ఉన్నికున్న జిడ్డుకే నీళ్ళు ఆగిపోతాయి. తర్వాత నన్నెవరూ అనద్దు."

ఎలియాస్ పాపం ఆ జిడ్డు నీళ్ళని కాసేపైనా ఆపుతుందని ఆశ పెట్టుకున్నాడు. పూనోలోనే నీళ్ళు పోసి చూసుకున్నాడు. కాసేపటికి కారింది. విప్పి మళ్ళీ కుట్టాడు, మళ్ళీ కారింది. చేత్తో అల్లి తెచ్చి మోసం చెయ్యడానికి మనసొప్పలేదు.

ప్రుదెన్సియో టోపీ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. వేణ్ణీళ్ళ చప్పుడు వినిపించింది. పిండిన టోపీతో బయటికొచ్చి, దాన్ని రెండు చేతుల్లో దొప్పలా పట్టుకుని, "పొయ్యవే," అన్నాడు కూతురితో.

ఇనెస్ చెంబు వంచింది. కాసిమీరో మోకాళ్ళ మీద కూర్చుని నేలకేసి కళ్ళప్పగించాడు.

"కుట్టుకి చెయ్యి అడ్డం పెట్టావు, తియ్యి."

"వాచిన వేళ్ళు అన్నా, దగ్గరికి రావు. కారితే సందుల్లోంచి కింద పడదూ?"

ప్రుదెన్సియో వాకిలి దాకా నడిచి వెనక్కొచ్చాడు. ఇనెస్ చెంబుతో వెంటే నడిచింది. నేల పొడిగానే ఉంది. వేణ్ణీళ్ళకి ఉన్ని దగ్గరపడిందేమో అనుకున్నాడు ఎలియాస్. తన అదృష్టాన్ని తనే నమ్మలేకపోయాడు.

కాసిమీరో లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "నాకింకా మింగుడుపడట్లేదు. కానీ కళ్ళారా చూశాక ఏమంటాను? కొనుక్కోమను."

ప్రుదెన్సియో నీళ్ళు పారబోసి టోపీని ఎలియాస్ నెత్తిన పెట్టాడు. "మిషన్ మా ఇంట్లోనే పెట్టాలి. నాకూ నేర్పాలి."

"నేర్పుతాను మావా."

ఇనెస్ నల్ల శాలువాలో మొహం దాచుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

ఎలియాస్ ఒడ్డుకి దిగే మెట్ల మీద ఆగి, చెంపల మీదికి నీళ్ళు కారుతున్న టోపీని తీసి పిండాడు. తన కుట్టు అంత గట్టిగా ఎలా నిలబడిందో చూద్దామని వెనకవైపు బొటనవేలితో తడిమాడు.

టోపీకి ఎక్కడా కుట్టు లేదు.