తల తగిలిన గుమ్మం

పెద్దాయన తల ఠపీమని గుమ్మానికి తగిలింది.

పసుపన్నం గంప దించి వార్సితి అటు చూసింది. ఆయన నుదురు చిట్లి నెత్తురు కారుతోంది.

బయటివాడే. ఈ ఊరివాళ్ళెవరికీ ఆ గుమ్మం తగలదు. నిద్రమత్తులో కూడా నడుం వంచే వస్తారు.

గుమ్మం పొట్టిగా పెట్టింది కాదు. ఇల్లే దిగిపోతోంది. సముద్రపు పోటు గదుల్లోకి వచ్చినప్పుడల్లా మట్టి పోసి గచ్చు ఎత్తుకున్నారు. అలా మూడుసార్లయింది. ఇప్పుడు వార్సితి చెయ్యెత్తితే దూలం తగులుతుంది. నాలుగోసారి ఎత్తితే ఇంట్లో పాకాల్సిందే. పోనీ అమ్ముకుపోదామంటే, నీళ్ళలో ఇల్లు కొనే వెర్రివాడు జావా మొత్తం వెతికినా దొరకడు. మొగుడి సమాధి కూడా పోటుకు మునిగే చోటే ఉంది. దాన్ని వదిలి ఎక్కడికి పోతుంది?

"చూసుకుని రావద్దా తాతా?" అంటూ తడిగుడ్డ ఇచ్చింది.

"ఎత్తుగా ఉంటుందనుకున్నానమ్మా" అన్నాడాయన.

ఆయన భుజాన గోనెసంచి ఉంది. కదిలితే ఇనుము గలగలమంటోంది. పాత ఇనుము కొనేవాడు కాబోలు అనుకుంది. ఆయన మాత్రం తిన్నగా పెరట్లోకి వెళ్ళి బోరు ముందు నిలబడ్డాడు.

"ఈ బోరు మూసెయ్యమ్మా" అన్నాడు.

వార్సితికి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

ఆయన ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. సముద్రం పైకి రావడం కొంతేనట, నేల కిందికి పోవడమే ఎక్కువట. లోపలి నీళ్ళు తోడేకొద్దీ పైన నేల కుంగుతుందట. ఇప్పుడు మూసినా దిగిన ఇల్లు పైకి లేవదు గానీ, ఊళ్ళన్నీ మూస్తే దిగడం నెమ్మదిస్తుందట. వీధి చివరిదాకా కుళాయి గొట్టం వచ్చింది కదా, అది పెట్టించుకోమన్నాడు.

మంచి రోజు చూసుకునే వచ్చాడు ఈ మాట చెప్పడానికి.

నలభై ఏళ్ళ కిందట సరిగ్గా ఇదే రోజు ఆ బోరులో నీళ్ళు పడ్డాయి. అంతకుముందు ఊరంతా ఉప్పునీళ్ళే. మోటారు లేకుండానే తియ్యటి నీళ్ళు నడుమెత్తు ఎగజిమ్మాయని వార్సితి మామ చెప్పేవాడు. బోరు వేసినవాడి పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన బోరు తాత. మామ పోయాడు, ఆ తరమంతా పోయింది. తాత మాత్రం ఉంటాడా అని ఏటా ఆయన ఆత్మశాంతికి ఫాతిహా ప్రార్థన చదివిస్తారు. పసుపన్నంలో మొదటి పళ్ళెం ఆయన పేర బోరు పక్కన పెడతారు. దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు.

"బోరు తాత పుణ్యాన తాగుతున్నాం. ఆయనే ఉంటే ఈ మాటకి నీ కాళ్ళు విరగ్గొట్టేవాడు" అంది వార్సితి.

పెద్దాయన తడిగుడ్డతో నుదుటి నెత్తురు తుడుచుకున్నాడు.

ఊళ్ళో మిగిలిన ఎనిమిది ఇళ్ళవాళ్ళూ వచ్చారు. మోటార్లు బాగుచేసే రొఖీమ్ సంచి వంక చూసి, వీడి కన్ను మన మోటారు మీద పడిందక్కా అని చెవిలో చెప్పాడు. ఫాతిహా మొదలైంది. పెద్దాయన ఓ మూల పళ్ళెం పక్కనే కూర్చున్నాడు. అందరూ ఆమీన్ అన్నాక, కాస్త ఆలస్యంగా ఆయన గొంతు వినిపించింది.

"ఇనుము తాతకి భక్తి ఎక్కువే" అన్నాడు రొఖీమ్. అందరూ నవ్వారు.

పెద్దాయన పళ్ళెం వంక చూశాడు.

"పొద్దుటి నుంచీ తిరుగుతున్నా. కాస్త అన్నం పెడతావా అమ్మా?"

"ముందు ఆ మాట వెనక్కి తీసుకో. తర్వాత తిందువుగాని."

ఆయన మెల్లగా లేచాడు. సంచిలోంచి నూనెగుడ్డలో చుట్టిన ఇనప మూత ఒకటి తీసి అరుగు మీద పెట్టాడు. ఇంకా పదకొండు ఊళ్ళు తిరగాలన్నాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర వంగాడు.

వార్సితి ఆ మూతను ఎండుచేపల మీద బరువుగా వాడుకుంది.

ఆరు నెలలకు పెద్ద పోటు వచ్చింది. ఇంట్లో మోకాలెత్తు నీళ్ళు. మోటారు మునిగి కాలిపోయింది. రొఖీమ్ రబ్బరు చుట్లూ తీగలూ కోసి దాన్ని ఊడదీశాడు. బోరు గొట్టం నోరు తెరుచుకుని ఉంది. దాని అంచుకు జానెడు కింద సముద్రం ఉంది. ఉప్పునీళ్ళు లోపల పడితే తియ్యటి నీళ్ళు పాడవుతాయి.

రొఖీమ్ తన దగ్గరున్న మూతలన్నీ పెట్టి చూశాడు. ఒక్కటీ పట్టలేదు.

"కొట్లో మూతలు దీనికి సరిపోవక్కా. ఈ గొట్టం మరచుట్లు బోరు తాత తన చేత్తో కోసుకున్నవి. మోటారు కూడా అందుకేగా రబ్బరుతో కట్టింది. ఆ కొలత ఆయనకొక్కడికే తెలుసు."

వార్సితి నీళ్ళలో తడుముకుంటూ వెళ్ళి ఎండుచేపల మీది మూత తెచ్చింది. గొట్టం మీద పెట్టి రెండు వేళ్ళతో తిప్పింది.

మూత ఎక్కడా అడ్డుపడకుండా, చుట్టు మీద చుట్టుగా తిరిగి అడుగుదాకా బిగిసింది.



నీళ్ళు మెల్లగా మూత మీదికి ఎక్కుతుంటే వార్సితి అక్కడే నిలబడిపోయింది, బోరు తాత పళ్ళెం పక్కనుంచి బోరు తాతనే ఆకలితో లేపి పంపేసిన మనిషి.