దుమ్ము షెడ్డుకు ట్రిమ్మర్లు

మేడ మీద చల్లగదిలో కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులూ, మేనేజరూ సేఫ్టీ ఆఫీసరూ, వినండి. ఒక మనిషి ఊపిరితిత్తుల్లో రాతిపొడి నింపింది మీరే. మిల్లు కాదు, గాలి కాదు, తలరాత అసలే కాదు. మీరు.

ఆ మిల్లులో రాయిని మరపట్టి పిండి చేస్తారు. పిండిని సంచులకెత్తేది వెనక షెడ్డులో. షెడ్డుకు గేటు వేరు, దారి వేరు. ఆఫీసు మెట్లెక్కేవాళ్లు షెడ్డు గడప తొక్కరు. తొక్కితే బూట్లు మాసిపోవూ మరి.

ఆ షెడ్డులో పనిచేసే ఒకరికి ‘జోకు’ అని పేరుపడింది. మాటకో జోకు వేసే నోరు. ఇప్పుడు మాటకో దగ్గు. మొన్న మిషను పక్కనే కూలబడితే నలుగురు మోసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టరు ఒకటే ముక్క చెప్పాడు. సరైన మాస్కు లేకుండా ఆ పొడిలో ఇంకెవరు నిలబడ్డా, పక్క మంచం వాళ్లదే.

మాస్కులు ఇవ్వలేదా అంటే ఇచ్చారు. బుగ్గల పక్కన వేలు దూరేంత సందు. తాడు ఎంత బిగించినా జారి మెడలో వేలాడతాయి. షెడ్డు మొత్తం తరఫున మాట్లాడేది ‘మైకు’. మిషను రొదను కూడా మింగేసే గొంతుకు తోటివాళ్లు పెట్టిన పేరది. ఆ మైకు నిలదీస్తే సూపర్‌వైజరు భయపడుతూనే మేడ మెట్లెక్కాడు.

“మాస్కు పక్కల్లోంచి పొడి లోపలికి పోతోంది సార్. కొత్తవి కావాలంటున్నారు.”

సేఫ్టీ ఆఫీసరుకు ఎప్పుడో ట్రైనింగులో సగం నిద్రలో చూసిన వీడియో గుర్తొచ్చింది.

“గడ్డాలయ్యా, గడ్డాలు. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతుక్కోదు. సందు పడుతుంది. మాస్కుల తప్పేం లేదు.”

“సార్, మా షెడ్డులో...”

“నువ్వుండు. కూలి జనం, రోజూ గీసుకుంటారా ఏమన్నా?”

మేనేజరు కుర్చీ ముందుకు జరిగింది. మాస్కులంటే ఆవులించే మనిషి. గడ్డమంటే మాత్రం ప్రాణం. ఆయన గడ్డం అంచులు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి.

“మనిషికో ట్రిమ్మరు ఇద్దాం. ఇంట్లోనే నున్నగా చేసుకుని రావాలి. అయితే ఏది పడితే అది కొనకూడదు. అది నాకొదిలెయ్.”

మర్నాడు బల్ల మీద రకరకాల ట్రిమ్మర్లు. మాస్కు గురించి రెండు నిమిషాలు కేటాయించలేని ఆఫీసు, పొద్దుట్నుంచి భోజనాల వేళ దాకా ట్రిమ్మర్ల మీదే కూర్చుంది.

“ఇది నీళ్లలో కడగొచ్చు. చార్జింగే ఆగదు.”

“ఆ లావుదో?”

“దువ్వెనలు బోలెడిచ్చాడు. బ్లేడే మొద్దు. వెంట్రుక తెగదు, లాగుతుంది.” మేనేజరు తన చెంప మీదే నడిపించి చూశాడు. “అబ్బ, మంట. పాపం, వాళ్ల చర్మం కూడా చర్మమే కదా.”

చెంప మంట మీద ఎంత జాలో. ఛాతీ మంట సంగతి ఎవరూ ఎత్తలేదు.

గోడవారగా నిలబడ్డ సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. “సార్, ఒక్క మాట...”

“రంగు గురించేగా? నలుపు. మాపు కనపడదు.”

“రంగు కాదు సార్. అక్కడ పనిచేసేవాళ్లు...”

“వాడటం రాదంటావు. నేనొచ్చి చూపిస్తాలే.”

సూపర్‌వైజరు నోరు మూసుకున్నాడు. ఉద్యోగం తీపి. ఆయన్నీ వదలను, ఈ పాపంలో ఆయనకూ వాటా ఉంది.

ఎన్ని కొనాలో తెలియక కాంట్రాక్టరుకు ఫోన్ చేశారు. “ముప్ఫై తలలు సార్,” అన్నాడతను. వీళ్లకు తలలు చాలు. ఆ తలల కింద మనుషులెవరని అడగలేదు.

ఈలోగా జోకు ముక్కుకు గొట్టం పెట్టారు. షెడ్డులో ఇంకొకరికి దగ్గు మొదలైంది.

ట్రిమ్మర్లు వచ్చాయి. మేనేజరు మొదటిసారి షెడ్డుకు వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గడప దగ్గరే ఆగాడు. లోపల అందరూ వరసగా నిలబడ్డారు. తలగుడ్డ, మాస్కు, మోకాళ్లు దాటిన కంపెనీ కోటు. నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లపిండి. సున్నం కొట్టిన బొమ్మల్లా ఉన్నారు. కళ్లు మాత్రమే కదులుతున్నాయి.

“మీ ఆరోగ్యం కోసం కంపెనీ ఇంత చేస్తోంది,” అన్నాడు రుమాల్లోంచి. “రేపట్నుంచి గడ్డంతో వస్తే పని లేదు. ఆ తర్వాత ఎవరు దగ్గినా కంపెనీకి సంబంధం లేదు. కొత్త మాస్కులన్న మాట ఇంక నా దగ్గర ఎత్తొద్దు. ఆసుపత్రిలో పడ్డ ఆ జోకుగాడు శుభ్రంగా గీసుకుని ఉంటే ఇవాళ ఇక్కడే నిలబడేవాడు.”

వరసలో ఎవరికో నవ్వొచ్చింది. అది దగ్గయి పోయింది.

మొదటి ట్రిమ్మరు మైకు చేతికి అందింది. వెంట వచ్చిన సేఫ్టీ ఆఫీసరు ఫొటో కోసం ఫోను ఎత్తాడు.

“మాస్కు తియ్యి,” అన్నాడు మేనేజరు. “ఎలా వాడాలో నీ గడ్డం మీదే చూపిస్తా.”

మిషను ఆగింది. తలగుడ్డ జారింది. మాస్కు ఊడింది. ట్రిమ్మరు తిరిగి ఆయన చేతిలోకే వచ్చింది.

“గడ్డాలు ఇంట్లో మా మొగుళ్లకున్నాయి సార్, ఇక్కడ జోకుతో సహా ముప్ఫైమందిమీ ఆడవాళ్లమే, మా ముఖాలకు పట్టే మాస్కులు ఇప్పుడే తెప్పించండి, అవి వచ్చేదాకా ఈ మిషను తిరగదు.”