బదులు పలికే బస

రిటైరయ్యాక ఒంటరిగా, చవగ్గా దేశాలు తిరుగుతున్న నర్సు హైమవతికి ఆర్మేనియా కొండల్లో ఉచితంగా బస దొరికింది. షరతు ఒక్కటే: ఇల్లు పిలిస్తే బదులు పలకాలి. అప్పటికి ఇళ్లన్నీ మాట్లాడుతున్నాయి. మనుషులు పోయాక కూడా వాళ్ల గొంతుతోనే.

"పలక్కపోతే, కూతురు రాలేదని ఊరంతా వినబడేలా ఏడుస్తుందమ్మా," అంటూ పక్కింటి ముసలాయన తాళంచెవి ఇచ్చాడు. చెవిలోని యంత్రం ఆ మాటల్ని తెలుగులో వినిపించింది.

గుమ్మం దాటగానే గోడలోంచి ఒక తల్లి గొంతు ఆత్రంగా అడిగింది. "షుషాన్, వచ్చావా తల్లీ?"

"వచ్చానమ్మా," అంది హైమవతి, సంచి దించుతూ.

పొయ్యి దానంతటదే వెలిగింది. ఆమె అన్నం వండుకుని గోంగూర పచ్చడితో తింటుంటే, ఆ గొంతు షుషాన్ చిన్నప్పటి అల్లరంతా చెప్పింది. హైమవతి ప్రతిదానికీ ఊఁ కొట్టింది. తినేటప్పుడు తనతో ఎవరైనా కబుర్లాడి ఎన్నేళ్లయిందో!

పొద్దున్నే సంచి తగిలించుకుని, ఊరు విడిచే బస్సుకు బయలుదేరుతుంటే ఇల్లు అడిగింది. "మళ్లీ ఎప్పుడొస్తావు?"

"సాయంత్రానికల్లా వచ్చేస్తానమ్మా."

"అందరూ అలాగే అంటారు," అంది ఆ గొంతు మెల్లగా. "నువ్వైనా నీ అసలు పేరు చెప్పి వెళ్లు తల్లీ."

హైమవతి గడప దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి తన పేరు చెప్పింది.

బస్సు కొండమలుపు తిరిగేదాకా ఆ ఇల్లు ఆమెను పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.