ఖాళీ బుట్ట

అనగనగా వాగు పక్కన రెండు అచ్చు మిషన్లు. ఒకదాన్ని ఎలుగు తిప్పేది, రెండోదాన్ని ముళ్లపంది తిప్పేది. ఎవరు ఎంత అచ్చేస్తున్నారో, ఎవరి బుట్టలో ఎంత చెత్త పడుతోందో చూడ్డానికి కొంగను పెట్టారు.

వానాకాలం ముందు, వాగు పొంగితే ఏ దారిన మిట్టకు చేరాలో చెప్పే కాగితాలు అచ్చుకొచ్చాయి. సిరా కుదురుకునేదాకా వచ్చిన కాగితాలన్నీ ఎలుగు బుట్టలో పడేసింది. ముళ్లపంది బుట్ట మాత్రం తుడిచిపెట్టినట్టు ఖాళీగా ఉంది.

"చూసి నేర్చుకో ఎలుగు మావా," అంది కొంగ.

"మొదటి కాగితాలు అలుక్కుపోతాయి కొంగమ్మా. పారెయ్యక ఏం చేస్తాం?"

కొంగ ఆ మాట చెవిన పెట్టలేదు. ముళ్లు గుచ్చుకుంటున్నా సరే, ముళ్లపంది మెడలో పూలదండ వేసి మరీ మెచ్చుకుంది. కాగితాలు ఇంటింటికీ పంచారు.

నాలుగు వానలు పడేసరికి వాగు పొంగింది. ఒక కుందేలు పిల్లల్ని వెంటేసుకుని, తడుస్తూ కొంగ దగ్గరికొచ్చి కాగితం చాపింది.

"చదువుకున్నదానివి, చెప్పమ్మా. దారి ఎడమకా, కుడికా?"

కాగితం నిండా సిరా మరక. మూలన ముళ్లపంది మిషను గుర్తు. పాడైనవాటిని అది మంచివాటి మధ్యలో దూర్చి కట్ట కట్టేసిందని కొంగకి అప్పుడు అర్థమైంది. తనే ముందు నడిచి కుందేళ్లను మిట్ట ఎక్కించింది.

వాన వెలిశాక ముళ్లపంది దగ్గరికెళ్లి, ఆ తడి కాగితాన్ని ఖాళీ బుట్టలో వేసింది.

"ఇది ఇక్కడ పడాల్సింది," అంది నెమ్మదిగా. "ఖాళీ బుట్ట చూసి నేను దండేశాను, ఇదేమో కుందేలు ఇంటికి పోయింది."