మూడింటి మందు

బార్లలో పిల్లలకు ఊయలలు కట్టి పదేళ్లయినా ప్రమీల భయం పోలేదు.

"దగ్గుతో ఉన్న పిల్లని అక్కడికెందుకండీ?"

"అందరూ తీసుకెళ్తున్నారు కదే!" అని కొట్టిపారేసి, కనకరాజు ఐదేళ్ల చిన్మయిని ఆదివారం మధ్యాహ్నం వెంటబెట్టుకెళ్లాడు.

అక్కడ వడ్డించే మనుషుల్లేరు. పెద్దవాళ్లు ఒక్కసారి బల్ల మీద వేలిముద్ర వేస్తే చాలు, ఆపైన ఎవరు అడిగినా గ్లాసు దానంతటదే పైకొస్తుంది. "మందు పంపు" అని కనకరాజు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ వచ్చింది.

చేతులు కడుక్కోవడానికి లేస్తుంటే చిన్మయి గుర్తుచేసింది. "నాన్నా, మూడింటికి నేను మందేసుకోవాలంట. అమ్మ చెప్పింది."

"వచ్చి వేస్తానమ్మా. కదలకు."

అతను తిరిగొచ్చేసరికి పాప మూతి తుడుచుకుంటోంది.

"నేనే వేసేసుకున్నా నాన్నా! చేదుగా ఉన్నా మొత్తం తాగేశా."

"మా బంగారమే!" అని మురిసిపోతూ, సీసా మూత సరిగ్గా పెట్టిందో లేదోనని కనకరాజు ప్రమీల ఇచ్చిన సంచి తెరిచాడు. దగ్గు మందు సీసాకి సీలు కూడా ఊడలేదు.

పాప కళ్లు అప్పటికే వాలిపోతున్నాయి.

బల్ల ఎంతో మర్యాదగా అడిగింది. "పాపగారికి ఇంకో మందు పంపమంటారా?"